బయట వేసిన తాళం

నర్సమ్మ పోయింది. మంగళవారం పొద్దున పాలప్యాకెట్టు కోసం బయటికి వచ్చేసరికి ఎదురింటి వాకిట్లో ముగ్గు లేదు. తలుపు మాత్రం బార్లా తీసి ఉంది. ఆమె చెల్లెలి కూతురు గడప మీద కూర్చొని నావైపు చూసింది. "కాఫీ పెట్టి లేపితే లెయ్యల్యాన్నా. నిద్దర్లోనే పోయినట్టుండాది" అంది.

మధ్యాహ్నం శ్మశానానికి ఒక తెల్లకారు వచ్చింది. డ్రైవరు మనిషంత పొడవున్న గులాబీల దండను రెండు చేతులా మోసుకొచ్చి, "మా అయ్య పంపినాడు. బాడీ మీద ఎయ్యమన్నాడు" అన్నాడు. ఎవరూ అందుకోలేదు. నేనే వెళ్ళి ఆ దండ అందుకున్నాను. తీసుకెళ్ళి ప్రహరీ బయట సర్కారుకంప ముళ్ళపొదకు తగిలించి వచ్చాను. మేమంతా మట్టి వేసి బయటికి వచ్చేటప్పటికి నాలుగు మేకలు దాన్ని దారం దాకా తినేసి ఉన్నాయి.

ఇది రాయడానికి నాకేమీ సిగ్గుగా లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఆమె ఎవరో చెప్పాలి.

అనంతపురంలో నలభై ఏళ్ళు దాటినవాళ్ళలో చాలామంది చేతి మీద టీకా మచ్చ ఆమె వేసిందే. సర్కారు నర్సుగా చేరిన కొత్తలో ఈ ఊళ్ళో ప్రతి వీధికీ నడిచే వెళ్ళింది. ఆటోలు వచ్చాక కూడా నడిచే వెళ్ళింది. పేరుతో పిలిచినవాళ్ళు లేరు, అందరికీ నర్సమ్మే. రిటైరయ్యాక కూడా ఇళ్ళకు వెళ్ళి సూదులు వేసేది. సూది వేసేముందు ఏదో ఒక కబురు ఎత్తుకునేది. కోడలు ఎట్లుండాది, బోరులో నీళ్ళు పడినాయా, ఏదో ఒకటి. "మనిషి మాట ఇంటాంటే నొప్పి తెలీదప్పా. నోరు మూసుకోని గుచ్చేటోళ్ళే మొరటోళ్ళు" అనేది.

ఆదివారాలు మాత్రం ఎవరికీ దొరికేది కాదు. పొద్దున్నే చేతికర్ర పట్టుకొని, కాళ్ళకు కాన్వాసు బూట్లు తొడుక్కొని బయలుదేరేది. నేను అప్పట్లో ఒక పత్రికకు స్థానిక విలేకరిని. ఆదివారం అనుబంధానికి ఏదో ఒకటి రాసి పంపాలి. ఈమె ఎక్కడికి పోతుందో చూద్దామని ఒక వారం వెంట పడ్డాను.

"ఏం పేపరప్పా, నా ఎనకాల పడినావు?" అంది వెనక్కి తిరక్కుండానే.

"ఊరికే అమ్మా. యాడికి పోతావో చూద్దామని."

"పాడుబడిన కొంపలు చూస్తా. రాగలిగితే రా. బూట్లేసుకో, పాములుంటాయి."

అట్లా మొదలై తొమ్మిదేళ్ళు నడిచాను. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు ఈ ఊరు తెలియదని ఆమె వెంట తిరిగాకే తెలిసింది. మూతపడిన సినిమా టాకీసులో నేల టికెట్టు వాళ్ళ కోసం కట్టిన వేరే ద్వారం చూపించింది. అది సందులోకి, మురికికాలవ మీదికి తెరుచుకుంటుంది. పాత గంజికేంద్రం చూపించింది. కరువులో జనానికి గంజి పోసిన రేకుల కొట్టం అది. ఇప్పుడు అందులో మోటార్ సైకిళ్ళు బాగుచేస్తున్నారు. బజారు మధ్యలో రెండు చెప్పుల దుకాణాల వెనక పూడిపోయిన బావి ఉంది. దాని ఒరలో తాళ్ళు రాసుకొని పడిన గాడుల్లో నా వేలు పెట్టించి, "ఎన్ని చేతులు లాగితే రాయి ఇంత అరిగుంటాదో చూడు" అంది.

"ఊరు మర్చిపోయిందమ్మా ఇవన్నీ" అన్నాను ఒకసారి, ఏదో పెద్దమాట అన్నట్టు.

ఆమె ఆగి నా మొహంలోకి చూసింది. "ఊరు యాడ మర్చిపోతాదప్పా? మరిపించేటోళ్ళు ఉంటారు. వాళ్ళెవరో కనుక్కో, అది రాయి" అంది.

దారిలో నేను ఎప్పుడైనా ఉడకబెట్టిన చెనిక్కాయలు కొంటే చేయి చాచేది కాదు. వేరుశనగ తప్ప ఇంకేమీ పండని జిల్లాలో, చట్నీ నుంచి చిక్కీ దాకా అన్నీ దానితోనే చేసుకునే ఊళ్ళో, ఆమె ఇంట్లో ఒక్క గింజ ఉండేది కాదు. పడదేమో అనుకున్నాను. రెండో ఏడో మూడో ఏడో ఒక ఆదివారం, రైలుగేటు అవతల ఉన్న పాత చెనిక్కాయల మిల్లుకు తీసుకుపోయిన రోజున కారణం తెలిసింది.

ఆ మిల్లు మూతపడి చాలాకాలమైంది. పదెకరాల ఆవరణలో నిలువెత్తు కంప పెరిగి, గొర్రెలు కూడా దూరలేనట్టుంది. ఆమెకు మాత్రం దారి తెలుసు. వంగి, పక్కకు తిరిగి, కొమ్మ ఎత్తిపట్టి నన్ను లోపలికి రానిచ్చింది. మిల్లు యంత్రాలున్న షెడ్డును పట్టించుకోకుండా వెనక ఉన్న రాతిగోడౌను దగ్గరికి తీసుకుపోయింది. దానికి మూడు గోడలే ఉన్నాయి. నాలుగోది ఎప్పుడో కూలి, రాళ్ళలో నుంచి కంప మొలిచింది. ముందు గోడకు టేకు తలుపు. తలుపుకు అడ్డంగా ఇనుపకమ్మీ. కమ్మీకి గుప్పెడంత తాళం. తుప్పు పట్టి కమ్మీతో కలిసిపోయింది కానీ, వేసింది వేసినట్టే ఉంది.

"ఆ తాళం చూడు. యాడుండాది?" అంది.

"తలుపుకు."

"లోపలా, బయటా?"

"బయట."

"దొంగతనానికి లోపలికి దూరినోడు బయట తాళమేసుకుంటాడా అప్పా?"

కూలిన రాళ్ళ మీద కూర్చొని చెప్పింది. అప్పుడు ఆమెకు పదేళ్ళు. వానలు లేక ఊరంతా పస్తులున్న ఏడాది. వాళ్ళ నాయన ఆ మిల్లులో హమాలీ, మూటలు మోసేవాడు. అమావాస్య రోజు మిల్లుకు సెలవు. అయినా లారీలు వస్తాయని, మూటలు సర్దిపెట్టమని సావుకారు అయిదుగురిని పిలిపించాడు. కరువులో కూలీలు కాయలు ఎక్కడ ఒడిలో కట్టుకుపోతారోనని లోపల పెట్టి తాళం వేయించాడు. ఆ వేసింది సావుకారు కొడుకు. ఇరవై ఏళ్ళవాడు. మధ్యాహ్నం ఈమె, వాళ్ళమ్మ సంగటి ముద్దలు తీసుకుపోతే, అతను అప్పుడే తాళం వేసి వస్తున్నాడు.

"కిటికీలోంచి ఇయ్యండి. సాయంత్రం వచ్చి నేనే తీస్తా అన్నాడు. తాళంచెవి చొక్కాజేబులో ఏసుకోని సైకిలెక్కినాడు. నేను చూసినా. మా నాయన కిటికీ కమ్మీల్లోంచి చెయ్యి బయటికి పెట్టి ముద్ద తీసుకున్నాడు. నా బుగ్గ గిల్లినాడు. చేతికంతా దుమ్ము. అదే ఆకరు."

మూటలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఎండిపోయిన మట్టి, సున్నంతో కట్టిన గోడ ఆ బరువుకు అడుగున కుంగి పొద్దు వాలకముందే కూలింది. బయటికి పడలేదు, లోపలికి పడింది. అయిదుగురూ తలుపు దగ్గర దొరికారట, ఒకరి మీద ఒకరు. శవాలను కూలిన గోడ వైపు నుంచే బయటికి తీశారు. అయినా సావుకారు పోలీసులతో ఒకటే మాట చెప్పాడు. సెలవు రోజు మిల్లులో పనే లేదు, కాయలు దొంగిలించడానికి దూరారు, మూటలు లాగితే గోడ పడింది. రాసుకున్నారు. కరువు రోజుల్లో ఆకలిగొన్నవాడు దొంగ అంటే నమ్మడానికి ఎవరికీ సాక్ష్యం అక్కరలేదు. వాళ్ళమ్మ తాళం సంగతి చెప్పింది. దొంగ పెళ్ళాం మాట ఎవరు వింటారు?

అక్కడి నుంచి వాళ్ళది దొంగోళ్ళ ఇల్లు. బడిలో ఎవరి పలకబలపం కనబడకపోయినా ముందు ఈమె సంచి వెతికేవారు. వాళ్ళమ్మ కరువుపనిలో రోడ్డు కంకర కొట్టి, కొట్టి, నలభై ఏళ్ళు నిండకుండానే పోయింది. సావుకారు ఆ గోడౌను అచ్చిరాలేదని, తలుపు కూడా తీయకుండా వదిలేసి పక్కన ఇంకొకటి కట్టించుకున్నాడు. అందువల్లే ఆ తాళం మిగిలింది.

"నర్సుద్యోగం వచ్చినాక టీకాలకని మిల్లులోకి పోయినా. అప్పుడు చూసినా తాళాన్ని. ఆ పొద్దు నుంచీ ఏడాదికోసారన్నా వచ్చి చూసి పోతా. ఉండాదా లేదా అని. మిగతా కొంపలన్నీ దీని కోసమే నేర్చుకున్నా."

"ఎవరికీ చెప్పలేదా అమ్మా?"

"చెప్తే రేత్రికి రేత్రే తీసేస్తారు. ఓపిక పట్టల్ల."

ఆమె కోపం అరిచే రకం కాదు. నేను కోపిష్టివాళ్ళను చాలామందిని చూశాను. రెండు రోజులు ఎగిరి, మూడో రోజు పిలిస్తే టీ తాగి వస్తారు. ఈమె కోపాన్ని మందులపెట్టెలా శుభ్రంగా, తుడిచి, మూతపెట్టి దాచుకుంది.

ఆ పెట్టె తెరవాల్సిన రోజు తనంతట తానే వచ్చింది. సావుకారు ఎప్పుడో పోయాడు. తాళం వేసిన కొడుకు ముసలివాడై పక్షవాతం వచ్చి పడ్డాడు. కుడి పక్క, మాట, రెండూ పోయాయి. రోజూ సూదిమందు వేయాలి. ఊళ్ళో నొప్పి లేకుండా వేసేది నర్సమ్మేనని ఎవరో చెబితే, వాళ్ళ మనవడు కారు పంపాడు. మొన్న శ్మశానానికి దండ పంపిన అయ్య ఇతనే. ఈమె ఎవరి కూతురో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

వెళ్ళింది. నెలకు పైగా రోజూ వెళ్ళింది. ఏం జరిగిందో ఒక ఆదివారం నడుస్తూ నాకు తనే చెప్పింది.

"మొదటి దినం దూది రుద్దతా అన్నా, 'ఓబులేసు' అని. కండ్లు తెరిచి చూసినాడు. రెండో దినం 'సుంకన్న' అన్నా. మూడో దినం 'మస్తాను', నాలుగో దినం 'కుళ్ళాయప్ప'. అప్పటికే నన్ను చూస్తే మంచం మీద ఎనక్కి జరగతాండాడు. అయిదో దినం మా నాయన పేరు చెప్పినా. 'తిప్పన్న. నేను తిప్పన్న కూతుర్ని. కిటికీ కాడ నిలబడింటి' అని. ఆరో దినం మళ్ళా ఓబులేసు."

నేను నడక ఆపేశాను. మాట రాని, లేవలేని మనిషి. అరవలేడు, ఎవరికీ చెప్పలేడు. "అమ్మా, అది పాపం కాదా?" అన్నాను.

"పాపమే" అంది. కాసేపు నడిచాక మళ్ళీ అంది: "సూది మాత్రం ఒక్కదినం కూడా నొప్పి పుట్టనీల్యా."

ఏడ్చాడా అని అడిగాను. ఏడ్చాడట. ఆ కన్నీళ్ళు తనకు అక్కరలేదట. "ఏడిస్తే వానికి బరువు తగ్గతాది. నాకేం తగ్గతాది?" అంది. నేను ఆ తర్వాత చాలారోజులు ఆ మాటతో తగువు పడ్డాను. ఇప్పటికీ ఆమె చేసింది మంచిపని అని చెప్పలేను. కానీ చేయకూడదని చెప్పే అర్హత ఈ ఊళ్ళో ఎవరికి ఉందో కూడా నాకు తెలియదు.

ఆ తర్వాత రెండేళ్ళకు మనవడు మిల్లు పడగొట్టి కల్యాణమండపం కట్టడం మొదలుపెట్టాడు. దానికి తాత పేరు. గేటు మీద పెద్ద ఆర్చి, దాని మీద "పేదల పెన్నిధి" అని అక్షరాలు. జేసీబీ వచ్చిన రోజు నేను పరిగెత్తుకుంటూ ఆమెకు చెబితే, ఆమె పప్పుకు తిరగమోత పెడుతూ, "మేస్త్రీతో నిన్ననే మాట్లాడినా" అంది. ఆ మేస్త్రీ పిల్లలిద్దరికీ పుట్టిన నాటి నుంచి సూదులు వేసింది ఆమే. అతను గోడౌను ముందు గోడ పడగొట్టకముందే తలుపును చౌకట్టుతో సహా విడదీసి, తాళం కదలకుండా గోనెలు చుట్టి, ట్రాక్టరులో పంపాడు. తాళం వేసిన ఆ తలుపు ఎనిమిది నెలలు ఆమె పెరట్లో గోడకు ఆనించి ఉంది.

ప్రారంభోత్సవం రోజు మేళాలు, షామియానాలు, పెద్దపెద్ద కార్లు. విలేకరుల వరసలో నేను. ముసలాయనకు పట్టుపంచె, తెల్లచొక్కా తొడిగి చక్రాల కుర్చీలో వేదిక ముందు కూర్చోబెట్టారు. రిబ్బను కత్తిరించబోతుండగా ఒక సామాన్ల ఆటో గేటులోకి వచ్చింది. నడుపుతున్నది సుంకన్న మనవడు. వెనక తలుపు. తలుపు పక్కన, ఉతికి గంజి పెట్టిన తెల్లచీరలో నర్సమ్మ. ఆనాడు చనిపోయిన మిగతా నలుగురి ఇళ్ళవాళ్ళు నడిచి వచ్చారు. తలుపును దింపి, ఇద్దరు అటూ ఇటూ పట్టుకొని, ఆయన కుర్చీ ముందు నిలబెట్టారు.

మనవడు గబగబా వచ్చాడు. "ఏమ్మా ఇది? ఏం కావల్ల మీకు? దుడ్లా? ఆఫీసుకు రాండి, మాట్లాడుకుందాం" అన్నాడు.

"నీతో పని ల్యా నాయనా. మీ తాతతో" అంది. సూది వేసేటప్పటి గొంతే. మెత్తగా ఉంది, అందరికీ వినబడింది. "అయ్యా, ఈ తాళం నువ్వేసింది. అయిదు మందిని లోపల పెట్టి ఏసినావు. సాయంత్రం వచ్చి తీస్తా అన్నావు. మేం ఇంకా తియ్యల్యా. తాళంచెవి యాడ పెట్టినావు?"

మేళం ఆగిపోయింది. మనవడు నవ్వబోయి, "తాతకు ఏమీ తెలీదు, మాట రాదు..." అంటున్నాడు. ముసలాయన ఎడమచేయి ఒళ్ళో నుంచి లేచింది. ఆగి ఆగి, ఆ చేయి పైకి వెళ్ళి చొక్కాజేబు మీద ఆనింది. అక్కడే ఉండిపోయింది.

కిటికీ దగ్గర నిలబడిన పదేళ్ళ పిల్లకు, అతనికి తప్ప ఆ జేబు సంగతి తెలిసింది నాకొక్కడికే. కానీ తెలియనివాళ్ళకు కూడా అర్థమైంది. కుళ్ళాయప్ప కూతురు, డెబ్భై ఏళ్ళ ముసలామె, ఒక్క కేక పెట్టింది. "మా నాయన దొంగ కాదు! ఇన్నారా! మా నాయన దొంగ కాదు!" నర్సమ్మ ఆమెను పట్టుకొని, ఇంకొక్క మాట కూడా మాట్లాడకుండా వెనుదిరిగి నడిచింది. తలుపును మళ్ళీ ఆటో ఎక్కించారు. ముసలాయన చేతిని జేబు మీద నుంచి తీయడానికి వాళ్ళ కోడలు పడిన పాట్లు నేను చూశాను.

అదంతా ఆ సాయంత్రమే రాసి పంపాను. తెల్లవారి పత్రికలో వచ్చింది "ఘనంగా ప్రారంభం" అని, మనవడు నవ్వుతున్న ఫోటోతో. నేను రాసిన దాంట్లో ఒక్క అక్షరం లేదు. పత్రిక తీసుకుపోయి తలవంచుకొని ఆమె ముందు నిలబడ్డాను. చదివి మడిచింది. "నువ్వు రాసినావు, వాళ్ళు కోసినారు. బాధ పడొద్దు. గుర్తు పెట్టుకో" అంది. నేను ఆ ఉద్యోగం అప్పుడే మానేయలేదు. ఇంకో రెండేళ్ళు చేశాను. ఆమె దానిమీద నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ రోజు అచ్చుకు నోచుకోని వార్త ఇది. ఇన్నేళ్ళకు అచ్చు వేయిస్తున్నాను.

పత్రిక రాయకపోయినా ఊరు ఊరుకోలేదు. ఆటోవాళ్ళు మొదలుపెట్టారు. "యాడికన్నా?" "తాళం మండపానికి." వారంలో ఆ పేరు బజారుకెక్కింది. ఆర్చి మీద పొడుగాటి పేరు ఉన్నా ఆ పేరుతో అడిగితే ఎవరూ దారి చెప్పరు. పెళ్ళికి పోతూ తాళం అనే మాట ఎవరు నోట పలుకుతారు? అయిదుగురు చచ్చిన చోట తలంబ్రాలు ఎవరు పోసుకుంటారు? మొదటి ఏడు నాలుగు పెళ్ళిళ్ళు జరిగాయి. రెండో ఏడు ఒకటి. మూడో ఏడు గేటు తెరవలేదు. మనవడు ఆమె దగ్గరికి మనుషుల్ని పంపాడు. ఆర్చి మీద బిరుదు తీసేస్తాం, ఆ తలుపు మాకు ఇచ్చేయండి అని. "ఉండనీండి. రెండూ ఉండనీండి. చదివేటోళ్ళు చదువుకుంటారు" అని పంపించేసింది. ముసలాయన పోయినప్పుడు మాత్రం ఒక్కతే వెళ్ళి, గుమ్మం బయట కాసేపు నిలబడి వచ్చింది.

పోయిన నెలలో ఒక ఆదివారం, "ఈ పొద్దు కొత్త చోటికి పోదాం" అంది. మోకాళ్ళు సహకరించడం లేదు, ఆటోలో వెళ్ళాం. కల్యాణమండపం ముందు దింపించుకుంది. గేటు పక్కన గోడ విరిగి ఉంది, అందులో నుంచి లోపలికి నడిచాం. పూలకుండీలు ఎండిపోయాయి. వేదిక మీద పావురాలు, వాటి రెట్ట. పగిలిన అద్దాలలో నుంచి ఎండ నేల మీద పడుతోంది. అన్ని చోట్లా చేసినట్టే తిరిగి తిరిగి చూసింది, గోడలు తట్టింది, వంటశాలలోకి తొంగిచూసింది. ఆమె మొహంలో సంతోషం ఏమీ లేదు. పని సరిగ్గా అయిందా లేదా అని చూసుకునే మనిషిలా ఉంది.

వధూవరులు ఎక్కే మెట్ల సందులో, పాలరాయి పగిలిన చోట, పాత మిల్లును కమ్మేసిన ఆ సర్కారుకంపే జానెడు మొలిచి ఉంది. నాలుగు ఆకులు, రెండు లేతముళ్ళు. వాన లేక వాడిపోయి తల వాల్చింది.

నర్సమ్మ కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకొని మెల్లగా కూర్చుంది. సంచిలో నుంచి నీళ్ళసీసా తీసింది. తను ఒక్క గుక్క కూడా తాగకుండా, అరచేయి అడ్డంపెట్టి, ఒక్క బొట్టు కూడా పక్కకు పోకుండా, ఆ నీళ్ళన్నీ దాని మొదట్లో పోసింది.